వెంట్రుక వాసి

నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది.
మేత బస్తా మీద పరిచి చదివాను:
"ఎలక్ట్రానిక్ సెన్సరును పొదుగు ఒకానొక విధానము,
అందు లోపలి పూత మెత్తనిదియు
వెలుపలి పూత గట్టిదియు అయి యుండి, మరియు..."
ఆ వాక్యం ఎక్కడా ఆగదు.
ఆగితే నీళ్లు దిగుతాయనుకున్నారేమో.

భీమవరంలో, ఉండి రోడ్డు షాపులో,
ఆ మెత్తనా ఆ గట్టీ
ఏడేళ్లుగా నా గోళ్ల కిందే ఉన్నాయి.
కిరసనాయిలుకి కూడా వదలవు.

మొదట్లో గట్టి రెజిన్ ఒక్కటే పోసేవాణ్ణి.
రోహిణి ఎండకి బిగిసి, తొలకరికి
వెంట్రుక వాసి పగిలేది.
ఆ వాసిలోంచి ఉప్పునీరు దిగితే
చచ్చిన సెన్సరు కూడా శుభ్రంగా
"ఐదు" అని చూపించేది.
కలిదిండి నరసరాజు గారి చెరువు
అలా ఒక తెల్లవారుజామున తెల్లగా తేలింది.
ఆయన తిట్టలేదు. గట్టు మీద కూర్చుని
"ఐదుందనే చూపించిందోయ్" అన్నారు.
తిట్టినా బాగుండేది.

ఆ నెలలోనే తాళ్లరేవు వెళ్లాను, వేరే పని మీద.
ఓలేటి పోలయ్య పడవ కీళ్లలో దూది కుక్కుతున్నాడు,
గుగ్గిలం నూనెలో కాచి, మైనంలా చేసి.
దాని మీద తారు.
"లోనది మెత్తగుండాల బాబూ.
కర్ర ఊపిరి తీత్తాది.
దాంతో కదల్నిది దాన్నంటుకుని ఉండదు."
చెప్పినందుకు బీడీ అడిగాడు.
నా దగ్గర లేదు.

వకీలు మంగతాయారు గారు అంతా విని
కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
"పడవ సెన్సరు కాదండి.
వాళ్ల తేదీకి ముందు మీ చేత్తో చేసింది
ఒక్కటి చూపించండి. ఒక్కటి చాలు."
బిల్లు పుస్తకం ఉందా అని అడిగారు.
మాది గట్టు మీద బేరం, చేతిలో డబ్బు.

ఇంకో సంగతి ఆవిడకి చెప్పలేదు.
పోయినేడు ఆకివీడులో
నా దగ్గర పని నేర్చుకున్న ఏసుబాబు
ఇదే పోత పోసి అమ్ముతున్నాడని
వాడి షాపు ముందు నిలబడి
నాది, నాది అని గొంతు పోయేలా అరిచాను.
వాడి పెళ్లాం మంచినీళ్లు తెచ్చిచ్చింది.
పోలయ్య పేరు ఆ రోజు నోటికి రాలేదు.

చెరువు ఎండగట్టినప్పుడు
నరసరాజు గారు కబురు పెట్టారు.
ఎండ్రకాయ వైరు కొరికేస్తే పోయిందనుకున్నది,
రెండు పూతలేసిన మొట్టమొదటిది,
నల్లటి అడుసులోంచి మోచేతి లోతున తీశారు.
నత్తల్ని గీకి ఎండకి పట్టుకుంటే
కల్లు రంగుకి తిరిగిన రెజిన్‌లో
నరసాపురం బస్సు టిక్కెట్టు!
బోర్డు గోడకి తగలకుండా
అప్పట్లో మడిచి దోపిన ముక్క.
ఊరి పేరు పైకుంది.
తేదీ మడత లోపలుంది.

కోసి చూడాలట. నిపుణుడొస్తాడట.
ఆ సిరా ఉందో, ఎగిరిపోయిందో
కోస్తే గానీ తెలీదు.
కోశాక ఇది మళ్లీ సెన్సరు కాదు.

రాత్రి షట్టరు సగం దించి
దాని మూతికి కొత్త పొర కట్టి, మందు పోసి,
వైరు అతికి, బకెట్ నీళ్లలో దింపాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, నాలుగు పాయింట్ ఒకటి.
చెయ్యి పెట్టి నీళ్లు కలిపాను.
నాలుగు పాయింట్ ఆరు.

వాయిదా పదిహేడున.
పొద్దున్నా సాయంత్రం
బకెట్‌లో నీళ్లు మారుస్తున్నాను.